హిస్టరీ కొట్టేశాను, అయినా ఎలా తెలిసిపోతోంది?

గుంటూరు బ్రాడీపేటలో ఒకప్పుడు మాది నెట్ సెంటర్. ఇప్పుడు అదే గదిలో సెల్‌ఫోన్ సర్వీసు కౌంటర్ నడుపుతున్నాను. కంప్యూటర్లు పోయి ఫోన్లు వచ్చాయి గానీ, జనం గొంతు తగ్గించి అడిగే మాట మాత్రం మారలేదు: "మేడం, నేను చూసింది ఎవరికీ కనపడదు కదా?" ఈ నెల మీరు రాసిన వాటిలో ఎక్కువ భాగం దాని గురించే. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

*

ప్రశ్న: అక్కా, నాకు నలభై ఏడేళ్లు. గర్భసంచిలో గడ్డ ఉన్నట్టుంది, స్కానింగ్ తీయించమని డాక్టరమ్మ చెప్పారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో గూగుల్ చేసి చదువుకున్నాను. మర్నాడు మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఏదో టైప్ చేస్తుంటే నేను వెతికిన మాటలే కింద వచ్చాయట. "అమ్మా, ఇదేంటి?" అన్నాడు. కంగారుపడి హిస్టరీ మొత్తం డిలీట్ చేశాను. అయినా వంటల వీడియోల మధ్యలో ఆడవాళ్ల హాస్పిటల్ యాడ్లు వస్తూనే ఉన్నాయి. నా ఫోన్ ఎవరైనా హ్యాక్ చేశారా?
— ఒక గృహిణి, కొత్తపేట, గుంటూరు

జవాబు: ఎవరూ హ్యాక్ చేయలేదమ్మా, ముందు ఆ టెన్షన్ తీసేయండి. జరిగిందంతా మీ ఇంట్లోనే జరిగింది.

మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో క్రోమ్ మీ జీమెయిల్‌తో తెరిచి ఉంటుంది. మన ఇళ్లలో ఇది మామూలే. ల్యాప్‌టాప్ కొన్న రోజున పిల్లాడికి సొంత మెయిల్ ఉండదు, అమ్మ మెయిల్‌తో తెరిచేస్తారు, ఇక అది అలాగే ఉండిపోతుంది. రెండు చోట్లా ఒకటే మెయిల్ ఉండి, సింక్ ఆన్‌లో ఉంటే, ఇక్కడ వెతికింది అక్కడికీ అక్కడ చూసింది ఇక్కడికీ చేరుతుంది. ఆ ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి చూడండి. మీ పేరుంటే సైన్ అవుట్ చేయించండి. వాడి మెయిల్‌తో వాడికి వేరే ప్రొఫైల్ పెట్టుకోమనండి. పనిలో పనిగా హాల్లో టీవీ కూడా చూడండి. అందులో యూట్యూబ్ మీ మెయిల్‌తో నడుస్తుంటే, మీరు ఫోన్లో చూసిన వీడియోలను బట్టి టీవీలో కొత్తవి వరస కడతాయి.

ఇక ఫోన్ సంగతి. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కితే 'డిలీట్ బ్రౌజింగ్ డేటా' అని ఉంటుంది. అక్కడ చాలామంది గమనించని చిన్న గీత ఒకటుంది. కొత్త క్రోమ్‌లో అది ముందుగా 'లాస్ట్ 15 మినిట్స్' అని చూపిస్తుంది. అంటే గడిచిన పావుగంటలో చూసినవే పోతాయి. మొత్తం పోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాం, నిన్న రాత్రి చదివింది మాత్రం భద్రంగా ఉంటుంది. ఆ గీత నొక్కి గంట, రోజు, వారం, నాలుగు వారాలు, 'ఆల్ టైమ్'లో మీకు కావాల్సింది ఎంచుకోవాలి. కింద 'మోర్ ఆప్షన్స్'లో బ్రౌజింగ్ హిస్టరీ, కుకీలు, క్యాష్ విడివిడిగా ఉంటాయి (కుకీ, క్యాష్ అంటే ఏమిటో కింద వేరే జవాబుల్లో చెప్పాను). సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్ లాంటివి కనపడితే వాటికి టిక్ పెట్టకండి. అవి పోతే మళ్లీ మీకే తిప్పలు.

ఇంతా చేస్తే పోయేది క్రోమ్ పుస్తకంలో రాసిందే. గూగుల్ అకౌంట్ తన దగ్గర వేరే పద్దు రాసుకుంటుంది, దాన్ని 'మై యాక్టివిటీ' అంటారు. క్రోమ్‌లో హిస్టరీ తీసేసినా ఈ పద్దు చెక్కు చెదరదు. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో 'మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్', అందులో 'డేటా అండ్ ప్రైవసీ' దాకా వెళ్లండి. 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' కనపడుతుంది. మీరు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం వెతికారో వరసగా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు కాస్త ఉలిక్కిపడతారు. ఆ రోజుది ఒక్కటే తీసేయొచ్చు, మొత్తం తీసేయొచ్చు. 'ఆటో డిలీట్' పెట్టుకుంటే మూడు నెలలు, 18 నెలలు, 36 నెలల్లో మీరు కోరిన గడువు దాటినవి వాటంతటవే పోతాయి. 2020 జూన్ తర్వాత తెరిచిన అకౌంట్లకు 18 నెలల గడువు ముందే పెట్టి ఇస్తున్నారు. అంతకు ముందు తెరిచిన పాత మెయిళ్లకు మనమే పెట్టుకోవాలి. మీది పాతదే అయ్యుంటుంది కాబట్టి మూడు నెలలు పెట్టేయండి.

యాడ్ల గురించి. ఆరోగ్య సమస్యల్ని బట్టి మనిషిని గుర్తుపెట్టుకుని యాడ్లు వేయబోమని గూగుల్ నియమాల్లోనే ఉంది. మరి ఎందుకొస్తున్నాయంటారా? గుంటూరులో ఉండే, ఫలానా వయసు ఆడవాళ్లకు చూపించమని హాస్పిటల్ వాళ్లు డబ్బు కడితే చాలు, మీరేమీ వెతక్కపోయినా వస్తాయి. అదీ కాక మీరు చదివిన సైట్లలో గూగుల్‌వి కాని యాడ్ కంపెనీలు కూడా ఉంటాయి, వాటి పద్ధతి వేరు. రెండు పనులు చేయండి. గూగుల్ అకౌంట్‌లో 'మై యాడ్ సెంటర్' తెరిచి 'పర్సనలైజ్డ్ యాడ్స్' ఆఫ్ చేయండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. యాప్‌లన్నీ మీ ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్ అది. యాడ్లు రావడం ఆగదు గానీ, మీ వెంట పడ్డట్టు అనిపించేవి తగ్గుతాయి.

కీబోర్డు కూడా మాటలు నేర్చుకుంటుంది. మీ ఫోన్ అందుకున్న పిల్లలు రెండక్షరాలు కొట్టగానే మీ మాట బయటపడొచ్చు. జీబోర్డ్ వాడుతుంటే దాని సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, నేర్చుకున్న మాటల్ని చెరిపేయమనే బటన్ నొక్కండి.

అడక్కపోయినా ఒక మాట చెబుతాను. ఆ గడ్డలు ఈ వయసులో చాలామందికి ఉండేవే, ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. స్కానింగ్ వాయిదా వేయకండి. మీ అబ్బాయి ఎటూ అడిగాడు కదా, వాడినే తోడు తీసుకెళ్లండి.

*

ప్రశ్న: అమ్మా, నేను మిర్చి యార్డులో కమిషన్ కొట్టులో గుమాస్తాని. పొద్దున లేవగానే ఫోన్లో 'మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి' అని ఎర్రగా మెసేజీలు. హిస్టరీ, కుకీలు అన్నీ తీసేశాను. గంట తిరక్కుండా మళ్లీ మొదలు. ఒకసారి అమ్మాయి బొమ్మలతో కూడా వచ్చింది, షావుకారు పక్కనే ఉన్నారు, సిగ్గుతో చచ్చాను. ఏం చేయమంటారు?
— గుంటూరు

జవాబు: మీరు ధరలు చూడటానికి ఏదో సైటు తెరిచినప్పుడు 'అలౌ', 'బ్లాక్' అని రెండు బటన్లు అడిగి ఉంటుంది. ధర కనపడాలన్న తొందరలో అలౌ నొక్కేసుంటారు. మీకు నోటిఫికేషన్లు పంపుకోవడానికి ఆ సైటుకు మీరిచ్చిన పర్మిషన్ అది. హిస్టరీ తీసేసినంత మాత్రాన ఆ పర్మిషన్ పోదు. రెండూ వేరువేరు చోట్ల ఉంటాయి.

ఈసారి ఆ మెసేజీ రాగానే దాన్ని నొక్కకండి. పై నుంచి కిందికి లాగి, మెసేజీ మీద వేలు అలాగే ఉంచి చూడండి. క్రోమ్ గుర్తు, దాని పక్కనే సైటు పేరు సన్నటి అక్షరాల్లో కనపడతాయి. అక్కడే ఆఫ్ చేయొచ్చు. ఇంకెన్ని సైట్లకు ఇచ్చారో చూడాలంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో 'సైట్ సెట్టింగ్స్', అందులో 'నోటిఫికేషన్స్' తెరవండి. అలౌడ్ కింద ఉన్నవాటిలో మీకు తెలియనివన్నీ బ్లాక్ చేసేయండి. మా కౌంటర్‌కి వచ్చే ఫోన్లలో ఆ జాబితా తెరిస్తే రేషన్ సరుకుల పట్టీ అంత పొడుగు ఉంటుంది.

మెసేజీలు కాకుండా, ఏ యాప్ తెరవకపోయినా స్క్రీన్ నిండా యాడ్ పడుతుంటే మాత్రం అది క్రోమ్ పని కాదు. ఈ మధ్య వేసుకున్న టార్చి లైటు, ఫోన్ క్లీనర్ లాంటి యాప్ ఏదో చేస్తున్న పని. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరి. ఆ మెసేజీలు నమ్మి ఎక్కడైనా కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చి ఉంటే ఇది చదవడం ఆపి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

*

ప్రశ్న: మేడం, బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. హాస్టల్ వైఫై వాడతాను. నేను ఎప్పుడూ ఇన్‌కాగ్నిటోలోనే చూస్తాను కాబట్టి వార్డెన్‌కి ఏమీ తెలియదని మా రూమ్మేట్ అంటాడు. నిజమేనా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: మీ రూమ్మేట్ సగమే చెప్పాడు. ఇన్‌కాగ్నిటో దాచేది నీ ఫోన్ చేతిలోకి తీసుకున్నవాడి నుంచి మాత్రమే. ట్యాబులన్నీ మూసేశాక హిస్టరీ, కుకీలు ఫోన్లో మిగలవు. డౌన్‌లోడ్ చేసింది మాత్రం ఫైల్స్‌లో నిక్షేపంగా ఉంటుంది, బుక్‌మార్క్ పెట్టింది ఉంటుంది. ట్యాబు మూయకుండా ఫోన్ ఇచ్చావంటే అసలు దాచిందే లేదు. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటోకి వేలిముద్ర లాక్ పెట్టుకునే వీలుంది, ప్రైవసీ సెట్టింగ్స్‌లో చూడు.

వైఫై నడిపేవాళ్ల సంగతి వేరు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం వేసిన దారిలోనే నడుస్తాయి కాబట్టి, నువ్వు ఏ పేజీ చదివావో, ఏం టైప్ చేశావో వాళ్లకు తెలియదు. ఏ సైటుకి, ఎన్ని గంటలకు వెళ్లావో మాత్రం రూటర్ రాసుకునే పద్దులో, అంటే లాగ్‌లో, తెలుసుకోవచ్చు. రోల్ నంబర్‌తో లాగిన్ అయ్యే వైఫై అయితే ఆ వెళ్లింది నువ్వేనని కూడా తెలుస్తుంది. మీ వార్డెన్ కూర్చుని అవన్నీ చదువుతాడని నేననుకోను. మెస్ బిల్లులు చూసుకోవడానికే ఆయనకి టైమ్ చాలదు. కానీ ఏదైనా గొడవ జరిగి పోలీసులు అడిగితే లాగ్ లాగ్‌లాగే ఉంటుంది.

సొంత సిమ్ డేటా వాడితే ఏమీ ఉండదనుకోకు. ఇంటర్నెట్ వాడకం రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ కంపెనీల లైసెన్సు నిబంధనల్లో చేర్చింది. నువ్వు ఫోన్లో ఎన్నిసార్లు తుడిచినా ఆ రికార్డు తుడుచుకుపోదు.

ఇక గూగుల్. ఇన్‌కాగ్నిటోలో కూడా మమ్మల్ని గమనిస్తున్నారని అమెరికాలో కొందరు 2020లో గూగుల్ మీద దావా వేశారు. 2024లో రాజీ కుదిరింది. అలా పోగైన కోట్ల కొద్దీ రికార్డులు నాశనం చేయడానికి, ఇన్‌కాగ్నిటో తెరవగానే కనపడే హెచ్చరికను ఇంకా స్పష్టంగా రాయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఆ నల్ల పేజీ మీద నాలుగు వాక్యాలుంటాయి చూడు, ఎవరూ చదవరు. వెళ్లే సైట్లకూ, మీ స్కూలు లేదా ఆఫీసుకూ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ కనపడొచ్చని అక్కడే రాసి ఉంటుంది.

తర్వాత నువ్వు అడగబోయేది వీపీఎన్ గురించని, అంటే మన నెట్ వాడకాన్ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా దాచి పంపే యాప్ గురించని నాకు తెలుసు. వార్డెన్‌కి కనపడేది అప్పుడు వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది, అంతే. ఊరికే ఇచ్చే వీపీఎన్‌లు దేనితో బతుకుతున్నాయో ఒకసారి ఆలోచించు. పైగా మన దేశంలో వీపీఎన్ నడిపేవాళ్లు వాడేవారి పేరు, అడ్రసు లాంటివి అయిదేళ్లు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. అది నచ్చక కొన్ని విదేశీ కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి కూడా.

*

ప్రశ్న: అమ్మాయ్, నేను రిటైర్డ్ లెక్కల మాస్టార్ని. ఏ సైటు తెరిచినా కుకీలు ఒప్పుకుంటారా అని అడ్డం పడుతోంది. ఒప్పుకుంటే ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఏమవుతుంది? ఇన్నాళ్లూ ఏమీ తెలియకుండా ఒప్పుకుంటూ వచ్చాను.
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, కొండ మీదికి దర్శనానికి వెళ్లేటప్పుడు కింద చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు కదా. టోకెన్ మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఏ నంబరు వాళ్ల చెప్పులు ఏ అరలో ఉన్నాయో వాళ్లకే తెలుసు. కుకీ కూడా అంతే. సైటు మీ ఫోన్లో ఒక నంబరు పెట్టి వెళుతుంది. మీరు మళ్లీ వచ్చినప్పుడు ఆ నంబరు చూసి, మీరెవరో, నిన్న ఏం చూశారో తన దగ్గరున్న పుస్తకం తిరగేసి తెలుసుకుంటుంది. మీరు కుకీ తీసేస్తే టోకెన్ పారేసినట్టు. మీ చెప్పులు మాత్రం వాళ్ల అరలోనే ఉంటాయి. మిమ్మల్ని గుర్తుపట్టలేరంతే.

1994లో నెట్‌స్కేప్ అనే కంపెనీలో లూ మోంటులీ అనే ఇంజినీరు దీన్ని తయారుచేశాడు. ఆన్‌లైన్ అంగడిలో బుట్టలో వేసిన సరుకు పేజీ మారగానే మాయమవకుండా గుర్తుంచుకోవాలన్నది అప్పటి అవసరం. అలాంటి కుకీలు లేకపోతే మీరు రైల్వే టికెట్ సైట్లో ప్రతి పేజీకీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి. కాబట్టి అన్నీ చెడ్డవి కావు.

చిక్కంతా థర్డ్ పార్టీ కుకీలతోనే. మీరు చదివేది ఒక పత్రిక సైటు. ఆ పేజీలో యాడ్ వేసిన కంపెనీ కూడా తన కుకీ ఒకటి మీ ఫోన్లో పెడుతుంది. అదే కంపెనీ వంటల సైట్లోనూ, మందుల సైట్లోనూ ఉంటే మూడు చోట్లా వచ్చింది ఒకరేనని కలిపేసుకుంటుంది. యాపిల్ వాళ్ల సఫారీ 2020 నుంచి వీటిని పూర్తిగా ఆపేస్తోంది. క్రోమ్‌లో కూడా తీసేస్తామని అదే ఏడాది గూగుల్ ప్రకటించింది. ఏటేటా వాయిదా వేసి, చివరికి 2024లో ఆ మాటే వెనక్కి తీసుకుంది. యాడ్ల మీద బతికే కంపెనీ ఆ పని చేస్తుందని నేను మొదట్నుంచీ నమ్మలేదు. మీరే ఆపుకోవాలి: క్రోమ్ సెట్టింగ్స్, 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', 'థర్డ్ పార్టీ కుకీస్', బ్లాక్. ఒకటీ అరా సైటు మొరాయిస్తే దానికొక్కదానికి సడలించుకోవచ్చు.

అడ్డం పడే ఆ ప్రశ్నలు యూరప్ చట్టాల పుణ్యం. 2018లో అక్కడి డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చాక ఇంకా ఎక్కువయ్యాయి. 'రిజెక్ట్ ఆల్' ఉంటే నిర్భయంగా నొక్కండి, సైటు మామూలుగానే తెరుచుకుంటుంది. అది కనపడకపోతే 'మేనేజ్' అనో 'సెట్టింగ్స్' అనో బూడిద రంగులో, కావాలని కంటికి ఆనకుండా పెట్టి ఉంటారు. ఇన్నాళ్లూ ఒప్పుకున్నవి ఒక్కసారి కుకీలు తీసేస్తే మీ ఫోన్లోంచి పోతాయి.

*

ప్రశ్న: కుకీలు తీసేస్తే ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు పనిచేయవా? మా తోడికోడలు భయపెడుతోంది.
— భవానీపురం, విజయవాడ

జవాబు: పనిచేస్తాయి. క్రోమ్‌లో తీసేసినవి క్రోమ్‌కే పరిమితం. ఆ యాప్‌లకు సంబంధం లేదు. క్రోమ్‌లో తెరిచే సైట్లు మాత్రం మళ్లీ లాగిన్ అడుగుతాయి. ఒక్క సైటు కుకీలే తీయాలంటే ఆ సైటు తెరిచి, అడ్రసు పక్కన చిన్న గుర్తు నొక్కితే 'కుకీస్ అండ్ సైట్ డేటా' అని వస్తుంది.

మీ తోడికోడలు చెప్పింది బహుశా వేరే దాని గురించి అయ్యుంటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల దగ్గర 'క్లియర్ క్యాష్', 'క్లియర్ డేటా' పక్కపక్కనే ఉంటాయి. బ్యాంకు యాప్‌కి రెండోది నొక్కితే మళ్లీ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి మొదట్నుంచీ రిజిస్టర్ చేసుకోవాలి. డబ్బుకేం కాదు గానీ ఓ పూట పోతుంది.

*

ప్రశ్న: మేడం, మావాడు ఇంటర్ రెండో ఏడు. రోజూ రాత్రి ఫోన్లో హిస్టరీ అంతా తీసేసి పడుకుంటున్నాడు. డిలీట్ చేసిన హిస్టరీని తిరిగి తెచ్చే యాప్ ఉందని యూట్యూబ్‌లో చూశాను. ఏది మంచిది?
— ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: ఏదీ మంచిది కాదన్నగారూ. అలా తెస్తామని చెప్పే యాప్‌లు మీ ఫోన్లో ఉన్నవి దోచుకోవడానికే వస్తాయి. ఫోన్లోంచి తీసేసింది గూగుల్ అకౌంట్‌లో మిగిలి ఉండొచ్చు గానీ, అది చూడాలంటే వాడి పాస్‌వర్డ్ కావాలి. దొంగచాటుగా వాడి ఫోన్లో గూఢచారి యాప్ వేయడానికి మాత్రం నేను సలహా ఇవ్వను. మా నెట్ సెంటర్ రోజుల్లో తండ్రులు వచ్చి "మావాడు కూర్చున్న కంప్యూటర్‌లో ఏం చూశాడో చూపించు" అని అడిగేవారు. చూపించేదాన్ని కాదు. ఒకాయన అలిగి, కొడుకుని ఎదురుగా ఉన్న సెంటర్‌కి మార్పించాడు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని మీవాడు మీ మీద కోర్టుకి వెళ్లడు లెండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిది నిండేదాకా పిల్లలే అంటుంది, వాళ్ల డేటా వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అంటే మీకు బాధ్యత ఉంది. అది వాడికి తెలిసేలా చేయండి. గూగుల్ ఫ్యామిలీ లింక్ అని ఉంది. ఏ యాప్ ఎంతసేపు వాడాలి, రాత్రి ఎన్నింటికి ఫోన్ లాక్ అవ్వాలి అన్నవి వాడి ఎదుటే కూర్చుని పెట్టుకోవచ్చు.

ఆ వయసు కుర్రాడు హిస్టరీ తీసేయడం నాకేమీ వింతగా లేదు. నిద్ర పోతున్నాడా, తింటున్నాడా, డబ్బులు ఎక్కువ అడుగుతున్నాడా, ఫోన్ మోగగానే మొహం మారుతోందా, అవి గమనించండి. ఈ మధ్య పిల్లల్ని ఫొటోలతో బెదిరించి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. ఏం జరిగినా ముందు నాకు చెప్పు, తిట్టను అని మీరు ఒక్కసారి అంటే, ఏ యాప్ చెప్పనిది వాడే చెబుతాడు.

*

ప్రశ్న: స్టడీ సర్టిఫికెట్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపులో వాళ్ల కంప్యూటర్‌లో నా జీమెయిల్ తెరిచాను. లాగౌట్ చేశానో లేదో గుర్తు లేదు. ఇప్పుడేం చేయాలి?
— అరండల్‌పేట, గుంటూరు

జవాబు: షాపుకి పరిగెత్తక్కర్లేదు. గూగుల్ అకౌంట్‌లో 'సెక్యూరిటీ' కింద 'యువర్ డివైజెస్' తెరువు. నీది కాని కంప్యూటర్ కనపడితే సైన్ అవుట్ నొక్కు, ఇక్కడ కూర్చునే అక్కడ బయటికి వచ్చేస్తావు. పాస్‌వర్డ్ కూడా మార్చు, ఆ క్రోమ్ దాన్ని సేవ్ చేసుకుని ఉండొచ్చు. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్'లో కూడా చూసుకో.

ఇప్పుడు చాలా షాపుల్లో "మా నంబర్‌కి వాట్సాప్ చేయండి" అంటున్నారు. పంపాక నువ్వు నీ వైపు డిలీట్ చేసినా, వాళ్ల కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో నీ ఆధార్ కూర్చునే ఉంటుంది. ప్రింట్ తీయగానే ఎదురుగా నిలబడి అక్కణ్నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ తీయించు. ఎవరూ తప్పుగా అనుకోరు. ఆధార్ అయితే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకో. చివరి నాలుగు అంకెలే కనపడతాయి, చాలా పనులకు అది సరిపోతుంది.

*

ప్రశ్న: పాత ఫోన్ బీసెంట్ రోడ్డులో అమ్మేద్దామనుకుంటున్నా. హిస్టరీ, ఫొటోలు డిలీట్ చేసి ఇస్తే చాలా?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: చాలదు. ముందు కావాల్సినవి బ్యాకప్ తీసుకుని, సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్‌ని తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా రీసెట్ చేస్తే, కొన్నవాడు తెరిచేటప్పుడు మీ పాత మెయిల్, పాస్‌వర్డ్ అడగొచ్చు, అప్పుడు వాడు మీ ఇంటికొస్తాడు. మెమరీ కార్డు, సిమ్ తీసుకోవడం మరిచిపోకండి. ఈ కాలపు ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీసెట్ చేస్తే దాన్ని తెరిచే తాళంచెవే పోతుంది కాబట్టి తిరిగి లాగడం మామూలు షాపువాళ్ల వల్ల కాదు.

అమ్మకం కంటే నాకు ఎక్కువ బెంగ రిపేరు గురించి. డిస్‌ప్లే మార్చడానికి ఫోన్ ఇస్తూ, వెనక స్టిక్కర్ మీద తొమ్మిది చుక్కలు పెట్టి ప్యాటర్న్ గీసి ఇస్తారు జనం. ఆ చుక్కల మధ్య 'ఎల్' గీత చూస్తే నాకే గుండె జారుతుంది, సగం ఊరిది అదే ప్యాటర్న్. ఫొటోలు, మెసేజీలు, అన్నీ తెరిచి బల్ల మీద పెట్టినట్టే. శామ్‌సంగ్ ఫోన్లలో 'మెయింటెనెన్స్ మోడ్', పిక్సెల్‌లో 'రిపేర్ మోడ్' ఉన్నాయి. అది ఆన్ చేసి ఇస్తే మెకానిక్ ఫోన్ తెరిచి పరీక్ష చేసుకోగలడు, మీవేవీ కనపడవు. మీ మోడల్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో వెతకండి. లేకపోతే రిపేరు జరిగేంతసేపు కౌంటర్ ముందే కూర్చోండి. స్టూలు అడిగితే వేస్తారు.

*

ప్రశ్న: ఐఫోన్‌లో 'క్లియర్ హిస్టరీ' బటన్ బూడిద రంగులో ఉండి నొక్కితే పనిచేయడం లేదు.
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: రెండు కారణాలుంటాయి. తీయడానికి హిస్టరీయే లేకపోవచ్చు, లేదా స్క్రీన్ టైమ్‌లో వెబ్ కంటెంట్ మీద ఎవరో పరిమితి పెట్టి ఉండొచ్చు. స్క్రీన్ టైమ్‌లో 'కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్' చూడండి. దాని పాస్‌కోడ్ మీకు తెలియదంటే, పెట్టింది ఇంట్లో ఎవరో మీరే కనుక్కోవాలి.

*

ప్రశ్న: రోజూ క్యాష్ క్లియర్ చేస్తే ఫోన్ స్పీడవుతుందా?
— పట్టాభిపురం, గుంటూరు

జవాబు: అవ్వదు. ఒకసారి తెచ్చిన బొమ్మల్ని మళ్లీ తేకుండా దాచుకునేదే క్యాష్. రోజూ తీసేస్తే రోజూ మళ్లీ తెచ్చుకోవాలి, డేటా దండగ. ఏదైనా సైటు పాత పేజీయే చూపిస్తున్నా, సరిగ్గా తెరుచుకోకపోయినా అప్పుడు తీయండి. మీ ఫోన్‌లో జాగా తగ్గడానికి అసలు కారణం వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్లి వీడియోలు అయ్యుంటాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే ఎవరి చాట్ ఎంత బరువుందో వరసగా చూపిస్తుంది. పైన ఉన్న ఫ్యామిలీ గ్రూపుతో మొదలుపెట్టండి.